రోజూ సాయంత్రం సరిగ్గా 6:10 కి గోడ మీద నీడని ఫోటో తీస్తోంది మా పిల్ల, ఏమనుకోవాలి?

రాజోలు_పెద్దమ్మ:

అందరికీ నమస్కారం అండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇది ఎవరితో చెప్పుకోవాలో తెలీక ఇక్కడ రాస్తున్నాను, కొంచెం పెద్దగానే ఉంటది, ఓపిగ్గా చదవండి.

మా చెల్లెలు కువైట్ వెళ్ళి రెండేళ్ళు దాటింది, అక్కడ ఒకళ్ళింట్లో పిల్లల్ని చూసుకునే పని. మరిది లేడు, పోయి ఐదేళ్ళైంది. దాని కూతురు నా దగ్గరే ఉంటోంది, పదహారేళ్ళు, ఇంటర్ ఫస్టియర్. మా మగపిల్లలిద్దరూ ఉద్యోగాలకి హైదరాబాద్ వెళ్ళిపోయారు, మా ఆయన పొద్దున్నే రొయ్యల చెరువు మీదకెళ్తే ఏ రాత్రికో వస్తారు, అంచేత ఇంట్లో నేనూ అదే. పిల్ల మంచిదండి, చెప్పిన పని చేస్తది, ఎదురు సమాధానం చెప్పదు. అసలు ఏమీ చెప్పదు, అదే ఇప్పుడు నా భయం.

పోయిన వారం మా తోటలో కొబ్బరికాయల దింపు అయింది. కాయల లెక్క రాసిన చీటీ ఎక్కడ పోతుందోనని దాన్ని ఫోటో తీసి ఉంచమన్నాను. తర్వాత వ్యాపారి వచ్చి లెక్కలో తేడా ఉందంటే, అది స్నానానికి వెళ్ళింది కదాని నేనే దాని ఫోన్ తీసి వెతికాను. నాకు ఏదో తప్పు పట్టుకుందామని లేదు, చీటీ కోసమే. తెరిస్తే అన్నీ ఒకటే ఫోటోలండి. నూట యాభై పైనే ఉంటాయి. మా ఊరి పంట కాలవ లాకుల దగ్గర, కాలవ నీళ్ళు చూసుకునే లస్కర్ల గది ఒకటుంది, పాత గది, తెల్ల సున్నం కొట్టిన గోడ. ఆ గోడా, దాని మీద మనిషి నీడా. అంతే. ఒక్క దాంట్లో కూడా దాని మొహం లేదు. జూన్‌లో కాలవకి నీళ్ళొదిలిన రోజుల నుంచి మొదలుపెట్టింది, ప్రతీదీ సాయంత్రం 6:10, ఒక నిమిషం అటూ ఇటూ.

మొదట్లోవి బాగానే ఉన్నాయి, ఎర్రటి ఎండలో నీడ నిలువెత్తున పడింది. తర్వాత వానాకాలం వచ్చేసరికి నీడ లేదు, తడిసిన గోడ ఉంది. దసరా దగ్గర నుంచి చూస్తే ఫోటోలు నల్లబడిపోయాయి, కార్తీకమాసంలోవైతే పూర్తిగా చీకటే, ఏం తీసిందో కూడా తెలీదు. ఇంకో సంగతి, ఇది ఎప్పుడూ జడే వేసుకుంటది, ఆ నీడలో మాత్రం జుట్టు ముడి చుట్టి ఉంది.

ఇన్‌స్టాలో కూడా ఉందండి ఇది, పేరు దానిది కాదు, ఫాలోయర్లు ఇరవై మంది లోపు. అందులో ఒక్క నీడ ఫోటో పెట్టి కింద "నేను ఇక్కడ లేను" అని రాసింది. అది చదివాక నాకు చేతులు వణికాయి. ఏటిగట్టు మీదా కాలవ గట్టు మీదా ఒక్కతే తిరుగుతోందని ఊళ్ళో ఒకరిద్దరు అంతకుముందే అన్నారు. ఆ భయంలో ఫోన్ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసేశాను. నాలుగు రోజులైంది. అది ఏడవలేదు, అడగలేదు. అన్నం తిని పుస్తకం పట్టుకుని కూర్చుంటోంది. చెల్లికి ఇంకా చెప్పలేదు, అంత దూరంలో ఉండి అది మాత్రం ఏం చేస్తుంది.

నేను చేసింది తప్పా ఒప్పా, ఇప్పుడేం చేయాలి, తెలిసినవాళ్ళు చెప్పండి.

భీమవరం_నాన్న:

అమ్మా మీరు చేసింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు. నాకూ ఇద్దరు ఆడపిల్లలున్నారు కాబట్టి చెప్తున్నాను. ఈ సెల్ఫీల పిచ్చి మొదలైన దగ్గర నుంచి పిల్లల చదువులు నాశనం అయిపోయాయి. పైగా ఈ రోజుల్లో ఫోటో బయట పడిందంటే దాన్ని ఎవడు ఏం మార్ఫింగ్ చేస్తాడో తెలీదు, మాకు తెలిసినవాళ్ళ పిల్లకి జరిగింది, ఆ కుటుంబం ఆర్నెల్లు ఇంట్లోంచి బయటకి రాలేదు. ఇంటర్ అయ్యేవరకూ ఫోన్ ఇవ్వకండి. చీకటి పడ్డాక గట్టు మీద ఆడపిల్ల ఒక్కతే ఉండటం ఫోటోల సంగతి పక్కన పెట్టినా మంచిది కాదు.

రీలుకాలం_స్టూడియో:

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నాది అమలాపురంలో స్టూడియో, రీళ్ళ కాలం నుంచీ ఇదే పని. పిల్ల మనసులో ఏముందో నేను చెప్పలేను గానీ ఫోటోల సంగతి చెప్పగలను.

ముందు ఆ నల్లబడటం గురించి మీ గుండె దిటవు చేసుకోండి. మన వైపు జూన్‌లో పొద్దు గూకేది ఆరున్నర దాటాకే. అదే నవంబర్ నెలాఖరుకి అయిదున్నర కాకముందే సూర్యుడు దిగిపోతాడు. మీ పిల్ల టైం మార్చలేదు, 6:10 అంటే 6:10. అంచేత జూన్‌లో ఎదురుగా పడిన పొద్దు గోడ మీద నీడ పెట్టింది, సెప్టెంబర్ సగానికి ఆ టైముకి సూర్యుడు కనబడడు, కార్తీకంలో చీకటి. ఫోటోలు నల్లబడింది ఎండ తగ్గి, అంతవరకూ నిజం. మనసు సంగతి వేరే, అది పిల్లనే అడగాలి. కానీ చీకటి పడిపోయిందని తెలిసి కూడా, ఏమీ రాదని తెలిసి కూడా రోజూ అదే టైముకి అదే గోడ ముందు నిలబడిందంటే, అమ్మా, నలభై ఏళ్ళ సర్వీసులో నాకు అలాంటి పట్టుదల ఉన్న అసిస్టెంటు ఒక్కడు దొరకలేదు. ఆ పిల్లకి ఆ టైం ముఖ్యం, ఫోటో బాగా రావడం ముఖ్యం కాదు. ఎందుకు ముఖ్యమో కనుక్కోండి.

భీమవరం నాన్నగారూ, మీ భయం నేను కాదనను. అయితే సెల్ఫీ ఈ కాలపు పిల్లల పిచ్చి మాత్రం కాదండి. 1839లో, ఫోటోగ్రఫీ గురించి లోకానికి తెలిసిన ఏడాదే, ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ అనే ఆయన కెమెరా పెట్టుకుని తన ఫోటో తనే తీసుకున్నాడు. మనిషి చేతికి కెమెరా రాగానే చేసిన మొదటి పనుల్లో అదొకటి.

ఇంకొకావిడ గురించి చెప్పాలి. వివియన్ మేయర్ అని అమెరికాలో షికాగోలో ఉండేవారు. ఏం పని చేసేవారో తెలుసా అమ్మా, మీ చెల్లెలు చేసే పనే. ఒకళ్ళిళ్ళల్లో పిల్లల్ని చూసుకునే ఆయా. మెడలో కెమెరా వేసుకుని పిల్లల్ని బయటకి తిప్పుతూ లక్షకి పైగా ఫోటోలు తీశారు, చాలా రీళ్ళు కడిగించనే లేదు. 2007లో అద్దె కట్టలేక ఆవిడ సామాన్ల గది వేలానికి వస్తే అప్పుడు బయటపడ్డాయి. 2009లో పోయారు. ఆవిడ తన ఫోటోలు తను బోలెడు తీసుకున్నారు, షాపు అద్దాల్లో, నేల మీద పడ్డ తన నీడలో. ఆ నీడ ఫోటోలు ఇవాళ పెద్ద పెద్ద గ్యాలరీల్లో పెడుతున్నారు.

మా స్టూడియోకి ఆ రోజుల్లో పదహారేళ్ళ ఆడపిల్ల ఎప్పుడొచ్చేదో తెలుసా. రెండేసార్లు. పరీక్షకి పాస్‌పోర్టు ఫోటోకి ఒకసారి, పెళ్ళివాళ్ళకి పంపించే ఫోటోకి ఒకసారి. రెండో దానికి మేనత్తో పిన్నో వెంట ఉండి గడ్డం పైకెత్తమ్మా, నవ్వకమ్మా, పళ్ళు కనపడుతున్నాయి అని చెప్పేవారు, నేను లైటు ఇంకాస్త పెంచి రంగు తెల్లగా వచ్చేలా చూసేవాణ్ణి, అలా చేయమనేవారు మరి. నెగటివ్ మీద పెన్సిల్‌తో మచ్చలు పూడ్చేవాళ్ళం. ఆ పిల్లల్లో ఒక్కరికి కూడా తను ఎలా కనపడాలనుందో నేను అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. ఇప్పుడు ఆ ఆల్బమ్‌లు చూస్తే అందరూ ఒకేలా ఉంటారు, ఎవరి మొహంలోనూ వాళ్ళు లేరు. మీ పిల్ల మొహం లేకుండా తీసిన నీడలో ఆ పిల్ల ఉంది చూడండి.

ఫోన్ తిరిగి ఇచ్చేయండమ్మా. ఒక్కటి కూడా డిలీట్ చేయకండి.

లంకపిల్ల_19:

పెద్దమ్మ గారూ నేను డిగ్రీ సెకండియర్, మాది పాలకొల్లు. నేను మీ అమ్మాయి వైపు నుంచి చెప్తాను, తప్పుగా అనుకోకండి.

నాకు పదిహేనేళ్ళప్పుడు రోజుకి అరవై డెబ్భై సెల్ఫీలు తీసేదాన్ని. అన్నీ తెల్లగా చేసే ఫిల్టర్‌తోనే. ఎందుకంటే నేను చామనఛాయ కూడా కాదు, నలుపు, పెళ్ళిళ్ళకి వెళ్తే మా చుట్టాలు మా అక్కని చూసి ఒకలాగ నన్ను చూసి ఒకలాగ మాట్లాడేవాళ్ళు, నా ఎదురుగానే. ఫిల్టర్ పెడితే వచ్చే ఆ అమ్మాయి నేను కాదని నాకు తెలుసు కానీ ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అనరు కదా అందుకని రాత్రి దుప్పటి కప్పుకుని ఆ ఫోటోలు చూసుకుంటూ పడుకునేదాన్ని. మా అమ్మ ఒకరోజు చూసింది. తిట్టింది, ఏడ్చింది, ఫోన్ లాక్కుంది. అప్పటినుంచి ఫోటోలు ఆపేశాననుకుంది. నేను ఫ్రెండ్ ఫోన్‌లో తీసుకునేదాన్ని. అంతే తేడా, ఇంతకుముందు అమ్మకి కనపడేవి, తర్వాత కనపడలేదు.

మారింది ఎప్పుడంటే, చించినాడ వంతెన మీద ఆటో ఆగిపోయింది ఒకసారి, జోరు వాన, నేనూ మా అమ్మా ముద్దగా తడిసిపోయాం, అమ్మ ఎందుకో నా ఫోన్ తీసుకుని నన్ను ఫోటో తీసింది. కాటుక కారిపోయి, జుట్టు మొహానికి అంటుకుపోయి, వెనకాల గోదారి బూడిద రంగులో. తీసి చాలాసేపు చూసి "ఇందులో అచ్చం మా అమ్మలాగ ఉన్నావే" అంది. మా అమ్మమ్మని నేను చూడలేదు. ఇప్పటికీ నా ప్రొఫైల్ పిక్ అదే.

అందుకే అంటున్నా, ఎందుకు తీస్తున్నావ్ అని అడగకండి, ఆ ప్రశ్న వింటే కోర్టులో నిలబెట్టినట్టు ఉంటది. ఫోటోల్లో ఒకటి తీసి దీని గురించి చెప్పవా అనండి. ఏది చూపించాలో తననే ఎంచుకోమనండి.

ఇంకోటి, జూన్ నుంచి రోజూ అన్నారు కానీ లెక్క వేస్తే నూట ఎనభై దాకా రావాలి, మీరు నూట యాభై అన్నారు. మధ్యలో ఏ రోజులు లేవో చూశారా? నా ఫ్రెండ్ ఒకతి వాళ్ళ నాన్న తాగి వచ్చిన రోజుల్లో మాత్రం ఫోటో తీసేది కాదు. తీయని రోజుల్లో కూడా ఏదో ఉంటుంది.

రాజోలు_పెద్దమ్మ:

స్టూడియో బాబాయి గారూ, పొద్దు సంగతి నాకు తట్టనే లేదండి. రోజూ ఆ టైముకి నేను దీపం పెడతాను, జూన్‌లో వెలుతురులో పెడతాను ఇప్పుడు చీకట్లో పెడుతున్నాను, అయినా తట్టలేదు.

లంకపిల్ల అమ్మా, నువ్వు రాసింది చదివి బీరువా తీసి క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూశాను. ముందు అర్థం కాలేదు. మళ్ళీ ఒక్కో నెలా చూస్తే లేని రోజులన్నీ శుక్రవారాలు. ఒక్క శుక్రవారం కూడా లేదు. మా చెల్లికి సెలవు దొరికేది శుక్రవారమే, ఆ సాయంత్రమే వీడియో కాల్ చేస్తది. మిగతా రోజుల్లో ఫోన్ ముట్టుకోనివ్వరు దాన్ని.

ఇంక నాకేం రాయాలో తెలీట్లేదు.

కాకినాడ_కౌన్సెలర్:

అమ్మా నమస్తే. నేను సైకాలజిస్టుని, టీనేజ్ పిల్లలతోనే నా పని. శుక్రవారాల సంగతి చదివి నాకూ కాసేపు ఏం రాయాలో తోచలేదు.

అయినా ఒక జాగ్రత్త చెప్పాలి. కారణం అందంగా ఉంది కదాని "నేను ఇక్కడ లేను" అన్న మాటని వదిలేయకండి. తల్లి మీద బెంగ అవ్వొచ్చు, కవిత్వం అవ్వొచ్చు, ఇంకేమైనా అవ్వొచ్చు. ఫోటో చూసి ఫలానా జబ్బు అని చెప్పేవాళ్ళని నమ్మకండి, నల్ల ఫోటో అంటే డిప్రెషన్, ఎర్ర ఫోటో అంటే కోపం, అలా ఉండదు. కానీ అడగడానికి ఫోటో మంచి దారి. అడిగేటప్పుడు సూటిగా అడగండి, "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా నాన్నా" అని, ఆ మాటతోనే. మనం అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది పెద్దవాళ్ళు భయపడతారు, అలా పుట్టదు, ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలు చెప్పేది అదే. లోపల ఉంటే చెప్పుకోడానికి తలుపు తీసినట్టవుతుంది, లేకపోతే లేదంటుంది.

నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గిపోవడం, ఇష్టమైన వస్తువులు ఎవరెవరికో ఇచ్చేయడం, ఇంతకుముందు ఇష్టంగా చేసినవి మానేయడం, ఒంటి మీద గాయాలు దాచుకోవడం, ఇలాంటివి కనపడితే ఆలస్యం చేయకండి. టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, డబ్బులు అక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మీరు కూడా చేయొచ్చు, పిల్లే చేయాలని లేదు.

ఫోన్ విషయానికొస్తే, చెప్పకుండా చూసినందుకు క్షమించమని అడగండి. పెద్దవాళ్ళు క్షమించమని అడగడం మన ఇళ్ళల్లో తక్కువ, అందుకే అది పనిచేస్తుంది.

భీమవరం నాన్నగారు చెప్పిన భయం ఉత్తి భయం కాదు, దానికి చేయాల్సినవి వేరే ఉన్నాయి. అకౌంట్ ప్రైవేట్‌లో ఉందా, ఫాలో అయ్యేవాళ్ళందరూ తనకి నేరుగా తెలిసినవాళ్ళేనా చూడమనండి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయించండి, లేదంటే ఫోటోతో పాటు ఎక్కడ తీసిందీ నమోదైపోతుంది, రోజూ ఒకే టైముకి ఒకే చోట అనే సంగతి బయటవాళ్ళకి తెలియకూడదు. అది మాత్రం గట్టిగా చెప్పండి. ఎప్పుడైనా ఎవరైనా ఫోటో మార్చి బెదిరిస్తే పిల్ల మీదకి వెళ్ళకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చేయండి, పద్దెనిమిది లోపు పిల్లల అసభ్య ఫోటోలు నెట్‌లో తిరగకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అని ఉచిత సర్వీసు కూడా ఉంది. నా దగ్గరికొచ్చే పిల్లలు బెదిరింపులు నెలల తరబడి భరించేది ఒక్క కారణానికే, ఇంట్లో చెబితే ముందు ఫోన్ పోతుందని.

బళ్ళో_సైన్సు_టీచర్:

నాదో చిన్న మాట. నేను మలికిపురం వైపు ప్రభుత్వ హైస్కూల్లో పనిచేస్తాను. రెండేళ్ళ కిందట తొమ్మిదో తరగతి వాళ్ళకి ఒక పని ఇచ్చాను, మీ రోజులో మీకు ముఖ్యమైన చోటు ఒక్క ఫోటో తీసుకురండి, కింద రెండు వాక్యాలు రాయండి అని. ఫోన్ లేనివాళ్ళకి నా ఫోన్ ఇచ్చాను. ఇది నేను కనిపెట్టింది కాదు, 1990ల్లో చైనాలో యునాన్ అనే చోట కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ అనే ఇద్దరు కలిసి, పల్లెటూరి ఆడవాళ్ళకి కెమెరాలిచ్చి మీ బతుకు మీరే తీసి చూపించండి అన్నారు, దాన్ని ఫోటోవాయిస్ అంటారు, ఇప్పుడు చాలా దేశాల్లో పిల్లలతో చేయిస్తున్నారు.

మా క్లాసులో చివరి బెంచీలో ఒక కుర్రాడు, ఏడాదంతా కలిపి నాతో పది మాటలు మాట్లాడి ఉంటాడేమో. రాత్రి పూట రొయ్యల చెరువు ఫోటో తెచ్చాడు, చెరువుకి గాలి అందించే ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతుంటే వాటి మీద బల్బు వెలుతురు. కింద ఇలా రాశాడు, నాకు ఇప్పటికీ నోటికొచ్చు: "కరెంటు పోతే నాన్నని లేపాలి. అందుకే నేను నిద్రపోను." వాడు క్లాసులో కునికిపాట్లు పడుతున్నాడని అప్పటిదాకా నేను ఎన్నిసార్లు నిలబెట్టానో. చెరువుకి గాలి ఆగితే రొయ్యలు గంటల్లో పోతాయి, అప్పులన్నీ ఆ చెరువు మీదే. ఇది నాకు వాడి మార్కుల్లో కనపడలేదు, పేరెంట్స్ మీటింగులో కనపడలేదు. వాళ్ళ నాన్నతో మాట్లాడాను, వారంలో నాలుగు రాత్రులు ఇంట్లో పడుకుంటున్నాడు.

చీకట్లో గట్టు మీద ఒక్కతే వద్దన్న మాట నేనూ ఒప్పుకుంటాను. వద్దనడం కాకుండా మీరూ వెంట వెళ్ళండి పెద్దమ్మ గారూ.

రాజోలు_పెద్దమ్మ:

అందరికీ దండాలండి. రెండు రోజులు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

గురువారం సాయంత్రం ఫోన్ తీసి దాని చేతికిచ్చాను. చీటీ కోసం తెరిచాను, ఫోటోలు చూశాను, నీకు చెప్పకుండా చూడటం తప్పు, క్షమించు నాన్నా అన్నాను. అది నా మొహం వైపు చూసి మళ్ళీ కిందకి చూసింది. రేవు మెట్ల మీద కూర్చున్నాం ఇద్దరం. నీకు నచ్చింది ఒకటి చూపించి దాని గురించి చెప్తావా అని అడిగాను లంకపిల్ల చెప్పినట్టే. ఎర్రటి ఎండలో నీడ ఉన్నదేదో చూపిస్తదనుకున్నాను. చాలాసేపు వెతికి ఒక నల్ల ఫోటో తీసింది, నేను చూసినప్పుడు పాడైపోయిందనుకున్న ఫోటో, మొత్తం చీకటి, మూలన మినుగురుపురుగంత చుక్క ఒకటి. "ఇదేంటో తెలుసా పెద్దమ్మా" అంది. తెలీదన్నాను. "నువ్వే. టార్చిలైటు" అంది.

కార్తీకమాసంలో ఒకరోజు ఇంకా రాలేదేంటని టార్చి పట్టుకుని గట్టు మీద వెతుక్కుంటూ వెళ్ళాను. దూరం నుంచి చూసి నన్నే తీసింది. ఆ రోజు నేను వెళ్ళీ వెళ్ళగానే కేకలేశాను కూడా.

ఇక 6:10 సంగతి. మనకి 6:10 అయితే కువైట్‌లో 3:40. మధ్యాహ్నం భోజనాలయ్యి, గిన్నెలు కడగడం అయ్యి, ఆ ఇంటి పిల్లలు నిద్రపోయాక మా చెల్లి కాసేపు కూర్చునే టైం అదేనట. ఫోన్ ఉండదు కానీ ఆ టైంలో నిన్నే తలుచుకుంటాను అని ఎప్పుడో కూతురితో అందట. అంచేత ఇది ఇక్కడ నిలబడి ఫోటో తీస్తోంది. జుట్టు ముడేసుకునేది ఎందుకంటే మా చెల్లి ఎప్పుడూ ముడే, ముడేసి నిలబడితే గోడ మీద నీడ అచ్చం అమ్మలాగ పడతదంట. "నేను ఇక్కడ లేను అంటే నేను కాదు పెద్దమ్మా, ఆ నీడ అమ్మది, అమ్మ అనే మాట అది" అంది.

కౌన్సెలర్ గారూ, మీరు చెప్పిన మాట కూడా అడిగానండి, నోరు రాలేదు గానీ అడిగాను. చచ్చిపోవాలని లేదు కానీ ఒక్కోసారి కాలేజీ నుంచి ఇంటికి రాబుద్ధి కాదు, వస్తే అందరూ నాలుగు రోజులుండి వెళ్ళిపోయే చుట్టాన్ని చూసినట్టు చూస్తారు అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నేనెప్పుడూ అలా చూశాననుకోలేదు. దాని బట్టలు రెండేళ్ళ నుంచీ బీరువాలో కాకుండా సూట్‌కేసులోనే ఉన్నాయండి, అది నేను గమనించలేదు, నిన్న చూశాను. మధ్య అర ఖాళీ చేశాను. ఆ నంబరు కూడా రాసి పెట్టుకున్నాం, తనే చేస్తానంది.

లొకేషన్ ఆపేసింది, అది తనకి తెలీదట, చెప్పగానే ఆపింది. ఇంక రోజూ వెంట నేను వెళ్తాను. మాట్లాడను, పక్కన నిలబడతాను.

నిన్న శుక్రవారం చెల్లి కాల్ చేస్తే అన్నీ చూపించింది. చెల్లి ఏడ్చింది, ఇది ఏడవలేదు. ఆ ఇంట్లో లోపల ఫోటోలు తీయనివ్వరట. అందుకని డాబా మీద బట్టలారేసే చోటుకి వెళ్ళి, అక్కడ గోడ మీద పడ్డ తన నీడని తీసి పంపింది, వాళ్ళ టైం 3:40 కే. ఇక్కడ చీకటి, అక్కడ ఇంకా మంచి ఎండ ఉందండి. ముడి స్పష్టంగా కనపడుతోంది.

స్టూడియో బాబాయి గారూ, ఇది జూన్‌లో తీసినదీ చెల్లి పంపినదీ పక్కపక్కనే ఒకే కాగితం మీద వచ్చేలా కడిగించాలి. అవుతదా? ఎంతవుతది? చీకట్లో కూడా నీడ పడేలా తీయడం ఎలాగో అడగమంది మా పిల్ల, రోజూ నల్లగా వస్తున్నాయి కదా.

రీలుకాలం_స్టూడియో:

అవుతుందమ్మా. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గించేస్తుంది, ప్రింటు మసగ్గా వస్తుంది, అందుకని డాక్యుమెంట్‌గా పంపమనండి, చెల్లెలు గారిది కూడా అలాగే తెప్పించండి. రంగుల జోలికి నేను వెళ్ళను, ఎలా ఉన్నవి అలాగే వేస్తాను. మెరిసే పేపర్ వద్దు, మాట్ పేపర్ మీద వేస్తాను, కోనసీమ చెమ్మకి ఫ్రేము అద్దానికి అంటుకోకుండా మధ్యలో అట్ట అంచు పెడతాను. 96 తుఫాను తర్వాత అద్దాలకి అతుక్కుపోయిన ఫోటోలు పట్టుకుని ఎంతమంది వచ్చారో, మంచి నీళ్ళలో నానబెట్టి ఒక్కొక్కటీ విడదీశాను, అన్నీ రాలేదు. ఒక కాపీ కాకుండా రెండు వేయిస్తాను, ఒకటి కువైట్‌కి. డబ్బుల గురించి తర్వాత మాట్లాడుకుందాం.

పాపకి చెప్పండి, చీకట్లో చేతిలో ఫోన్ కదులుతుంది, పిట్టగోడ మీద ఆనించి మూడు సెకన్ల టైమర్ పెట్టమనండి. నీడ కావాలంటే వెనక వెలుతురు కావాలి. మీరు ఎలాగూ పక్కనే ఉంటారు కదా, పాప వెనక పది అడుగుల దూరంలో నిలబడి ఆ టార్చి తన వీపు మీదకి పట్టండి. గోడ మీద నీడ పడుతుంది. చెయ్యి కదపకండి.